తెరమీద నంబరు సరే, కౌంటరులో మనిషేడీ?

ఈ మధ్య ఏ పెద్ద కార్యాలయంలో అడుగు పెట్టినా గోడకు ఒక తెర కనిపిస్తున్నది. బ్యాంకులో తెర, పెద్దాసుపత్రిలో తెర, పాస్‌పోర్టు కేంద్రంలో తెర. తలుపు దగ్గర ఒక చీటీ ఇస్తారు. దానిమీద నంబరుంటుంది. గంట మోగి ఆ నంబరు తెరమీద వెలిగినప్పుడు ఫలానా కౌంటరుకు పోవాలి. అంతవరకు కుర్చీలో కూర్చోవచ్చు. తోపులాట లేదు, కేకలు లేవు. క్యూల బాధ ఇక తీరినట్టేనని ఈ యంత్రాలను అమ్మేవాళ్లు చెబుతున్నారు. కొనేవాళ్లు కూడా అదే పాట పాడుతున్నారు.

ఈ మాట ఎంతవరకు నిజం? గోడమీది తెర గురించి రైతు పేజీలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ దేశంలో అందరికంటే ఎక్కువగా లైనులో నిలబడేది ఎవరు? బియ్యానికి, పింఛనుకు, ఎరువుకు, విత్తనానికి, పట్టాదారు పాస్‌బుక్కుకు, కుల ధృవీకరణ పత్రానికి, ఆసుపత్రి చీటీకి నిలబడేది వ్యవసాయ కూలీ, పేద రైతు. కలవాడికి మేనేజరు గది తలుపు తెరిచే ఉంటుంది. లేనివాడికే లైను. కనుక లైను గురించి మాట్లాడడమంటే మన బతుకు గురించి మాట్లాడడమే.

పడిగాపులకు కూలి ఎవరిస్తారు?

నెల జీతం వచ్చే ఉద్యోగి ఒక పూట సెలవు పెట్టి బ్యాంకుకు పోతే అతని జీతం కోతపడదు. కూలికి పోయే మనిషి సంగతి అది కాదు. ఒక పూట లైనులో నిలబడితే ఆ పూట కూలి పోయినట్టే. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఉపాధి పనికి ప్రభుత్వం నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఒక సొసైటీ ముందు రెండు వందల మంది అర పూటపాటు నిలబడ్డారనుకుందాం. రోజులో సగమనుకుంటే వంద పనిదినాలు గాలిలో కలిసినట్టు లెక్క. అంటే 30,700 రూపాయల కూలి. ఒక ఊళ్లో, ఒక్క రోజు! ఈ సొమ్ము ఏ బడ్జెటులోనూ కనిపించదు. పేదలు ప్రభుత్వానికి రసీదు లేకుండా కడుతున్న పన్ను ఇది.

ఆలస్యానికి ఖరీదు ఉంటుందని మన చట్టమే ఒకప్పుడు ఒప్పుకున్నది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలి డబ్బు 15 రోజుల్లో చేతికందాలి. పదహారో రోజునుంచి బకాయిపై రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలి. వెయ్యి రూపాయల బకాయికి రోజుకు అర్ధరూపాయి! లెక్క చూస్తే నవ్వొస్తుంది. అయినా అందులో ఒక సూత్రమున్నది. పేదవాడిని ఊరికే కాచుకోబెట్టే హక్కు సర్కారుకు లేదనేదే ఆ సూత్రం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరొక చట్టం చేసింది. చట్టం పేరు మారినా సూత్రాన్ని మనం వదులుకోనక్కరలేదు. దానిని కూలి డబ్బు దగ్గరే ఆపకుండా ప్రతి లైనుకూ వర్తింపజేయాలని అడగాలి.

లైను ఎందుకు పెరుగుతుంది?

లైను పెరగడానికి జనం క్రమశిక్షణ లేకపోవడమే కారణమని అధికారులు తరచుగా అంటుంటారు. ఇది పచ్చి అబద్ధం. లైనుకు ఒక లెక్కున్నది. ఆ లెక్క కట్టి వందేళ్లు దాటింది. డెన్మార్క్ దేశంలో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1909లో దీనిమీద మొదటి వ్యాసం ప్రచురించాడు. ఎన్ని ఫోన్లు వస్తే ఎన్ని లైన్లుండాలి, ఎంతమంది పనివాళ్లుండాలి, తక్కువైతే జనం ఎంతసేపు ఆగవలసివస్తుంది అనేదే ఆయన పట్టించుకున్న సమస్య. ఆయన చూపిన దారిలో పుట్టిన లెక్కను మన మండలాఫీసుకు అన్వయించి చూద్దాం.

ఒక కౌంటరున్నది. ఒక్కో మనిషి పనికి సగటున ఐదు నిమిషాలు పడుతుంది. అంటే గంటకు పన్నెండు మంది పని అవుతుంది. జనం గడియారం చూసుకొని ఐదు నిమిషాలకొకరు చొప్పున రారు కదా. ఒకసారి నలుగురొస్తారు, ఒకసారి ఎవరూ రారు. ఒకరి పని రెండు నిమిషాల్లో తెములుతుంది, మరొకరి వేలిముద్ర పడక పదిహేను నిమిషాలవుతుంది. ఇలాంటి చోట గంటకు పది మంది వస్తే మనిషి సగటున 25 నిమిషాలు కాచుకోవాలి. గంటకు పదకొండు మంది వస్తే? 55 నిమిషాలు! ఒక్క మనిషి పెరిగితే పడిగాపులు రెట్టింపు దాటిపోయినాయి. అదే గంటకు పదమూడు మంది వచ్చేచోట లైనుకు అంతే ఉండదు. కార్యాలయం తలుపు మూసేదాకా పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ పదకొండు మంది వచ్చే చోట రెండో కౌంటరు తెరిచి ఇంకొక గుమస్తాను కూర్చోబెట్టండి. అదే లెక్క ప్రకారం సగటు నిరీక్షణ 55 నిమిషాలనుంచి రెండు నిమిషాలకు లోపుగా పడిపోతుంది. రెండో గుమస్తాకు బదులు గోడకు తెర బిగించండి. 55 నిమిషాలు 55 గానే ఉంటుంది. కాకపోతే నిలబడేవాడు కూర్చుంటాడు.

మొత్తం వ్యవహారం ఇందులోనే ఉన్నది. తెర లైనును చూపించగలదు గాని తగ్గించలేదు. తగ్గించేది కౌంటరులో మనిషి, గోదాములో సరుకు, ఆసుపత్రిలో డాక్టరు.

తెరను కాదనడం లేదు

అలాగని యంత్రాన్ని తిట్టి ఊరుకోవడం మన పద్ధతి కాదు. తెరవల్ల మేలున్నది. చంకలో బిడ్డతో వచ్చిన తల్లి, కర్ర పోటేసుకొని వచ్చిన ముసలాయన కూర్చునే వీలుంటుంది. అంతకంటే పెద్ద మేలు మరొకటి. మన ఊళ్లలో లైను ఎప్పుడూ లైనుగా నడవలేదు. తెల్లబట్టల ఆసామి వస్తే కూలి మనిషి పక్కకు జరగాలి. దొరగారి పాలేరు చీటీ పట్టుకొస్తే దళితవాడ మనిషి వెనక్కు పోవాలి. నంబరుకు కులం లేదు. ముప్పై ఏడు తర్వాత ముప్పై ఎనిమిదే రావాలి. అందరి కళ్లముందు వెలిగే నంబరును దాటించి తనవాణ్ణి ముందుకు పంపడం అధికారికి కొంచెం కష్టమవుతుంది. ఈ మేరకు తెర ప్రజాస్వామికమైన వస్తువే.

అయితే దానిని ఎవరు, ఎందుకు పెడుతున్నారో కూడా చూడాలి. 1985లో డేవిడ్ మైస్టర్ అనే వ్యాపార నిపుణుడు నిరీక్షణలోని మనస్తత్వాన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. ఊరికే కూర్చున్న కాలం ఎక్కువనిపిస్తుంది, ఎప్పుడవుతుందో తెలియని కాలం ఎక్కువనిపిస్తుంది, అన్యాయంగా కాచుకోబెట్టిన కాలం మరీ ఎక్కువనిపిస్తుంది అని అందులో చెప్పాడు. ఈ మాటలు నిజమే. కాని వ్యాపారులు దీనినుంచి తీసుకున్న పాఠం వేరు. నిరీక్షణను తగ్గించాలంటే మనుషుల్ని పెట్టాలి, జీతాలివ్వాలి. నిరీక్షిస్తున్నామన్న బాధను తగ్గించడానికి తెరా, దానిమీద నాలుగు ప్రకటనలూ చాలు. ఆసుపత్రి తెరమీద బీమా ప్రకటన, బ్యాంకు తెరమీద బంగారు రుణం ప్రకటన. మన పడిగాపులు కూడా వాళ్లకు అమ్ముడుపోయే సరుకే అయింది.

చెయ్యదలిస్తే చెయ్యగలరు

మన రాష్ట్రంలో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2001 ఆగస్టులో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలైనప్పుడే వాటిలో నంబరు పిలిచే యంత్రాలు వచ్చాయి. కరెంటు బిల్లులు, నీటి బిల్లులు కట్టే పట్నవాసులకు దానివల్ల సౌకర్యం కలిగింది. 2010లో బెంగుళూరులో మొదలుపెట్టి దేశమంతటా పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెచ్చారు. అక్కడ రోజూ ఎంతమంది పని చెయ్యగలరో చూసి అంతమందికే ముందుగా సమయం ఇస్తారు. పత్రాలు తీసుకునే కౌంటర్లు, పరిశీలించే కౌంటర్లు, మంజూరు చేసే కౌంటర్లు వేర్వేరుగా ఉంటాయి. తెర అక్కడ పనికొస్తున్నదంటే దాని వెనుక కౌంటర్లుండడం వల్లనే. గల్ఫ్‌కు పోయే మన కరీంనగర్, కోనసీమ కూలీలు కూడా ఆ తేడాను చూసే ఉంటారు.

సర్కారుకు చేత కాదనడానికి వీలులేదని దీనివల్ల తేలుతున్నది. పాస్‌పోర్టు దగ్గర చేతనైన పని యూరియా దగ్గర ఎందుకు చేతకాదు? ఇదే మన ప్రశ్న.

చెప్పులు నిలబడ్డ లైను

2025 వానాకాలంలో తెలంగాణ జిల్లాల్లో యూరియా కోసం జరిగినదంతా అందరూ చూశారు. చీకటితోనే సొసైటీల ముందు రైతులు బారులు తీరారు. నిలబడలేనివాళ్లు తమ వంతుగా చెప్పులు పెట్టారు, పాస్‌బుక్కులు పెట్టారు, ఆధార్ కాగితాలమీద రాళ్లు పెట్టారు. పూర్వం కిరసనాయిలు కోసం డబ్బాలు వరుసలో పెట్టిన కాలం మళ్లీ వచ్చింది. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలని కాగితంమీద ఉన్నది. ఆ ధరకు సరుకు దొరకాలి కదా! పొలంలో వరి ఎదుగుదల ఆగదు. ఎరువు వేయవలసిన వారం దాటిపోయాక వచ్చిన బస్తా దేనికి?

ఆ లైను పొడవుకు రైతుల తొందరపాటు కారణం కాదు. యూరియా కేటాయింపు కేంద్రం చేతిలో ఉన్నది. రావలసిన దిగుమతులు వేళకు రాలేదు. రామగుండం కర్మాగారంలో ఉత్పత్తికి అంతరాయం కలిగింది. వచ్చిన కొద్ది సరుకును కూడా ఒక్కో బస్తాకు యంత్రంమీద వేలిముద్ర వేయించి అమ్మాలి. 2018 నుంచి దేశమంతటా ఇదే పద్ధతి. సర్వరు ఆగితే లైను ఆగుతుంది. కలుపు తీసి, నారు పీకి అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడకపోతే లైను ఆగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, సరుకు వచ్చినా యంత్రం ఇయ్యదు. ఇటువంటి చోట గోడకు తెర బిగిస్తే ఏమవుతుంది? ఉన్నవి మూడు వందల బస్తాలైతే, వచ్చినవాళ్లు ఆరు వందల మందైతే, మూడు వందల ఒకటో నంబరువాడు ఎంతసేపు తెర చూసినా బస్తా రాదు. ఆ సంగతి అతనికి పొద్దున్నే చెప్పే తెర కావాలి. ఆ ఒక్క ముక్క చెప్పే తెరనే ఎవరూ పెట్టడం లేదు.

కంటికి కనబడని లైను

ఇంకొక మార్పు కూడా జరుగుతున్నది. లైనును తగ్గించడం చేతకానప్పుడు దానిని మాయం చెయ్యడం. 2025-26 పత్తి కొనుగోలుకు భారత పత్తి సంస్థ సెల్‌ఫోను యాప్‌లో ముందుగా స్లాటు తీసుకోవడం తప్పనిసరి చేసింది. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర కావాలంటే స్మార్ట్‌ఫోను ఉండాలి, పేరు నమోదై ఉండాలి, స్లాటు దొరకాలి. ఆపైన తేమ 12 శాతం దాటకూడదు. తెలంగాణలో ఎకరాకు ఏడు క్వింటాళ్లే కొంటామన్న నిబంధన ఒకటి తోడయింది. వాన తడిపిన పత్తిని ఆరబెట్టుకోవడానికి స్లాటు ఆగదు. స్లాటు పోతే మళ్లీ మొదటినుంచి. వాయిదాలవాళ్లు గుమ్మంలో కూర్చున్న కౌలు రైతు అన్నాళ్లు ఆగగలడా? దళారి చెప్పిన రేటుకు ఇచ్చి వస్తాడు.

జిన్నింగు మిల్లు ముందు బండ్ల వరుస కనబడకపోవచ్చు. ఫోటో తీయడానికి ఏమీ ఉండదు. శాసనసభలో చూపించడానికీ ఏమీ ఉండదు. కాని ఆ వరుస ఎక్కడికీ పోలేదు. ఒక్కొక్క రైతు ఇంట్లోకి, ఒక్కొక్క ఫోనులోకి పోయి దాక్కున్నది. ఒకప్పుడు లైనులో నిలబడ్డ వందమంది ఒకరినొకరు చూసుకునేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు, అవసరమైతే రోడ్డుమీద బైఠాయించేవాళ్లు. ఇప్పుడు ఒక్కడే కూర్చొని యాప్ నొక్కుతున్నాడు. కార్యకర్తలు ముఖ్యంగా గమనించవలసిన విషయమిది.

ఆసుపత్రుల్లోనూ ఇదే వరస. 2022 అక్టోబరు నుంచి ఫోనుతో గుర్తును స్కాను చేసి ఓ.పి. టోకెను తీసుకునే పద్ధతి దేశంలోని ప్రభుత్వాసుపత్రులకు వస్తున్నది. చీటీ రాయించుకునే లైను దానివల్ల తగ్గుతుంది. మంచిదే. కాని చీటీ తొందరగా వచ్చినంత మాత్రాన డాక్టరు తొందరగా రాడు. చీటీల కౌంటరు దగ్గర లైను డాక్టరు గుమ్మం దగ్గరకు జరుగుతుంది. 

ఇక టోకెనుకే లైను కట్టవలసి వస్తే ఏమవుతుందో 2025 జనవరి 8న తిరుపతిలో చూశాం. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లిచ్చే కేంద్రం దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. రద్దీని తగ్గించడానికి పెట్టిన టోకెనే రద్దీకి కారణమయింది. కొరత ఉన్నచోట, ఏర్పాటు లేనిచోట చీటీకి కూడా ప్రాణాలు పోతాయి.

గుమస్తా మన శత్రువు కాదు

లైనులో విసిగిపోయిన మనిషి కోపం మొదట కౌంటరులోని మనిషిమీదికి పోతుంది. సహజమే. కాని ఆలోచించాలి. ముగ్గురు చెయ్యవలసిన పని ఒక్కడు చేస్తున్నాడు. అతడు కూడా చాలాచోట్ల కాంట్రాక్టు మీద, అరకొర జీతం మీద బతుకుతున్నవాడే. తెర వెనక ఉన్న యంత్రం అతని లెక్క కూడా రాస్తుంది. ఒక్కో మనిషికి ఎన్ని నిమిషాలు తీసుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు అన్నీ పైవాళ్లకు తెలుస్తాయి. రెండో మనిషిని వేయడం మాని ఉన్నవాడిని ఇంకా తొందరపెట్టడానికి ఆ లెక్క వాడుకుంటారు. తొందరపడ్డ గుమస్తా చదువురాని ముసలమ్మకు కాగితం వివరించి చెప్పడు. రేపు రా అంటాడు. ఆమెకు ఇంకో పూట కూలి పోతుంది. కనుక కౌంటరుకు ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ కలిసి అడగవలసింది ఒకటే: ఖాళీలు నింపండి, కౌంటర్లు పెంచండి.

మనం ఏమడగాలి?

మొదటిది: తెర పెడితే దానిమీద నిజం చూపాలి. నంబరు ఒక్కటి చాలదు. ఇవాళ ఎన్ని కౌంటర్లు తెరవాలి, ఎన్ని తెరిచారు, గోదాములో ఎన్ని బస్తాలున్నాయి, ఈ నంబరుకు ఎంతసేపు పడుతుంది అనేవి పొద్దున తలుపు తెరవగానే కనబడాలి. తెర లేనిచోట నల్లబల్ల, సుద్దముక్క చాలు. నిజం చెప్పడానికి కరెంటు అక్కరలేదు.

రెండవది: సరుకు చాలనప్పుడు మిగిలినవారికి తేదీ వేసిన చీటీ ఇచ్చి ఇంటికి పంపాలి. సరుకు వచ్చిన రోజున ఆ చీటీకే మొదటి వంతు దక్కాలి. మళ్లీ చీకటితో వచ్చి చెప్పులు పెట్టే గతి ఉండకూడదు.

మూడవది: ఫోను ఉన్నవాడికే వంతు అనే పద్ధతి పోవాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు పైబడిన ఆడవాళ్లలో అక్షరాస్యులు వందకు 59 మందే. తెరమీది అక్షరం చదవలేనివాళ్లకు నంబరును తెలుగులో గట్టిగా పిలవాలి. ఏజెన్సీలో కోయ, గోండి భాషల్లో పిలవాలి. కాగితం టోకెను ప్రతిచోటా ఉండాలి.

నాలుగవది: సర్వరు ఆగినా, వేలిముద్ర పడకపోయినా పుస్తకంలో రాసుకొని సరుకు ఇచ్చి తీరాలి. యంత్రం తప్పుకు మనిషి శిక్ష అనుభవించడం ఏం న్యాయం?

అయిదవది: చెప్పిన వేళకు పని చెయ్యకపోతే పోయిన కూలికి పరిహారం ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2010లో మధ్యప్రదేశ్ చేసిన సేవల హామీ చట్టంలోనే గడువు దాటించిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 5,000 వరకు జరిమానా ఉన్నది. దినాల లెక్కకు వర్తించే న్యాయం గంటల లెక్కకు ఎందుకు వర్తించకూడదు?

వీటితోపాటు నీడ, మంచినీళ్లు, బల్లలు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఇవి అడగవలసి రావడమే సిగ్గుచేటు.

కార్యకర్తల పని

వినతిపత్రం రాసి ఊరుకుంటే లాభం లేదు. లెక్క వాళ్లకే కాదు, మనకూ రావాలి. ప్రతి మండలంలో ఒక సొసైటీని, ఒక రేషన్ షాపును, ఒక ఆసుపత్రిని ఎంచుకోండి. వారం రోజులపాటు రోజుకు ఇరవై మంది చొప్పున వచ్చిన వేళ, పని ముగిసిన వేళ నోటుబుక్కులో రాయండి. ఎన్ని కౌంటర్లున్నాయి, ఎన్ని పనిచేశాయి, ఎంతమంది ఉత్తచేతులతో వెనక్కిపోయారు అనేవి కూడా రాయండి. పోయిన గంటలను కూలిలోకి మార్చి మొత్తం వేయండి. ఎక్కడైనా తెర ఉంటే దాని వెనుక ఉన్న యంత్రంలో ఈ లెక్కంతా నిమిషాలతో సహా పడే ఉంటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దానిని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము కూడా లేదు. మన నోటుబుక్కునూ వాళ్ల లెక్కనూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి.

ఇన్నాళ్లూ తెర మనవైపే తిరిగి ఉన్నది. మన నంబరు మనకు చూపించి కూర్చోమన్నది. దానిని అధికారుల వైపు తిప్పాలి. ఎన్ని పోస్టులు ఖాళీగా ఉంచారో, ఎన్ని బస్తాలు తక్కువ పంపారో, ఎంతమంది కూలి ఎన్ని గంటలు పోయిందో అందులో వాళ్లకు కనబడాలి. ఆ పని ఏ కంపెనీ చేసిపెట్టదు. వ్యవసాయ కార్మికులు, పేద రైతులు, చిన్న ఉద్యోగులు కలిసి చేయవలసిన పని అది. ఈ పంట కాలం ముగిసేలోగా మొదలుపెట్టవలసిన పని కూడా.